ఈబేలో స్పోర్ట్స్ కార్డుల వేలం, స్టాండర్డ్ ఎన్వలప్: అమ్మేవారి వైపు నుంచి రివ్యూ

అమెరికాలో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలున్న సేకరణ కార్డులను విడివిడిగా అమ్మాలంటే ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది ఈబేనే. కొనేవాళ్లు ఎక్కువమంది అక్కడే ఉంటారు కాబట్టి, పేరున్న కార్డుకు రావాల్సిన ధర ఇంచుమించు వచ్చేస్తుంది. చిక్కంతా వేలం ముగిశాకే. వచ్చిన డబ్బులో ఫీజు ఎంత పోతుంది, తపాలాకు ఎంత పోతుంది, మూల నలిగిందంటూ కొన్నవారు వెనక్కి పంపితే ఎంత పోతుంది అనేవే లాభాన్ని తేలుస్తాయి. ఈ రివ్యూలో వేలం పద్ధతి, ఫీజు, 20 డాలర్ల లోపు కార్డుల కోసం ఈబే పెట్టిన స్టాండర్డ్ ఎన్వలప్, అంతకు మించిన కార్డులకు వాడే పార్సిల్ సర్వీసుల గురించి ఉంది. తీర్పు ముందే చెప్పేస్తే, వేలానికి మంచి మార్కులు, స్టాండర్డ్ ఎన్వలప్‌కు షరతులతో మంచి మార్కులు, అమ్మేవారికిచ్చే రక్షణకు బొటాబొటి మార్కులు. కార్డును లిస్ట్ చేసే ముందే అది ఏ కవరులో వెళ్లాలో తేల్చుకున్నవారికి మాత్రం ఈ మూడూ కలిసొస్తాయి.

ఫీజు

స్టోర్ చందా లేని అమ్మకందారు దగ్గర కార్డుల విభాగంలో ఈబే 13.25 శాతం తీసుకుంటుంది. దీనికి తోడు ఆర్డరు 10 డాలర్ల లోపైతే 30 సెంట్లు, దాటితే 40 సెంట్లు. 7,500 డాలర్లు దాటిన భాగానికి 2.35 శాతమే. నెలకు 250 లిస్టింగుల దాకా లిస్టింగ్ రుసుం లేదు. రేట్లను ఈబే అప్పుడప్పుడు సవరిస్తుంటుంది, కాబట్టి పెద్ద కార్డు పెట్టేముందు ఫీజుల పేజీ ఒకసారి తిరగేయడం మంచిది.

కొత్తవారు గమనించనిది ఏమిటంటే, ఆ శాతాన్ని కార్డు ధర మీదే లెక్కగట్టరు. కొనేవారు కట్టిన షిప్పింగ్ మీద, రాష్ట్రం వసూలు చేసే సేల్స్ ట్యాక్స్ మీద కూడా లెక్కేస్తారు. ట్యాక్సు అమ్మేవారి చేతికి రాదు, అయినా దాని మీద ఫీజు మాత్రం కట్టాలి. 3 డాలర్ల కార్డు, 1 డాలరు షిప్పింగ్, 8 శాతం పన్ను అనుకుందాం. మొత్తం 4.32. అందులో 13.25 శాతం అంటే 57 సెంట్లు, పైన 30 సెంట్లు, వెరసి 87 సెంట్లు. మిగిలిన 3.13లోంచి కవరు, స్లీవ్ (కార్డుకు వేసే పల్చటి ప్లాస్టిక్ తొడుగు), టాప్‌లోడర్ (దాని మీద వేసే గట్టి ప్లాస్టిక్ ఒర), తపాలా కలిపి ఒక డాలరు తీసేస్తే రెండు డాలర్లు, పైన కొంచెం చిల్లర. అదే కార్డు 99 సెంట్లకే పాడుకుపోతే చివరికి మిగిలేది నలభై సెంట్లు. అరగంట పని విలువ అందులో ఎక్కడా కనబడదు.

అందుకని డాలరు, రెండు డాలర్ల కార్డులను విడిగా వేలానికి పెట్టడం దండగ. ఒకే ఆటగాడివో, ఒకే జట్టువో పది పదిహేను కలిపి లాటుగా పెడితే ఆర్డరు మీది 30 సెంట్లు, కవరు ఖర్చు ఒక్కసారితో పోతాయి. 1987 నుంచి 1993 దాకా వచ్చిన బేస్ కార్డుల (సెట్టులోని మామూలు కార్డుల) పెట్టెలు చాలా ఇళ్లలో ఉన్నాయి. లెక్కకు మించి అచ్చేసిన కాలం అది. 1989 అప్పర్ డెక్ ఒకటో నంబరు కెన్ గ్రిఫీ జూనియర్ లాంటివి కొన్ని, అవి కూడా మంచి గ్రేడు (పీఎస్ఏ లాంటి సంస్థలు కార్డు స్థితి చూసి పదికి వేసే మార్కు) పడితేనే, పక్కన పెడితే మిగతావి ఫీజుకు కూడా సరిపోవు.

వేలం ఎలా నడుస్తుంది

ఈబే వేలంలో ప్రతి పాటగాడూ తాను ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని రహస్యంగా నమోదు చేస్తాడు. సిస్టమ్ అతని తరఫున అవసరమైన మేరకే పాట పెంచుతుంది. ఒకరి గరిష్ఠం 60 డాలర్లు, రెండోవారిది 41 అయితే కార్డు 42కు పోతుంది. ఎందుకంటే 25 నుంచి 99.99 డాలర్ల మధ్య ఒక్కో మెట్టు ఒక డాలరు. అంటే ధరను తేల్చేది గెలిచినవాడు కాదు, రెండో స్థానంలో నిలిచినవాడు. ఈ సంగతి బుర్రకెక్కితే ఏ కార్డును వేలానికి పెట్టాలో, దేన్ని నిర్ణీత ధరకు పెట్టాలో తేలిగ్గా తెలుస్తుంది. కనీసం ఇద్దరు గట్టిగా కోరుకునే కార్డయితేనే వేలం. 2018 టాప్స్ అప్‌డేట్ ఒహ్తాని రూకీ (ఆటగాడి తొలి ఏడాది కార్డు), 2003-04 టాప్స్ క్రోమ్ లెబ్రాన్ లాంటివి రోజూ చేతులు మారుతుంటాయి. వాటిని 99 సెంట్లకు మొదలుపెట్టినా మార్కెట్ ధరకు చేరతాయి. అదే ఒక మామూలు ఆటగాడి 25 కాపీలే వేసిన, అదే కార్డుకు వేరే రంగు రూపమైన ప్యారలల్‌ను 99 సెంట్లకు వదిలితే, దాని కోసం వెతికే ఒకే ఒక్క సేకరణదారు ఆ వారం ఫోన్ చూసుకోకపోతే చాలు, గంగలో కలిసినట్టే. అలాంటిదాన్ని నిర్ణీత ధరకు పెట్టి, బెస్ట్ ఆఫర్ (కొనేవారు తమ ధర చెప్పే వీలు) తెరిచి, నెలల తరబడి ఓపిక పట్టాలి.

రిజర్వ్ ధర (అంతకు తక్కువైతే అమ్మనక్కర్లేని రహస్య కనీస ధర) పెట్టే వీలుంది గానీ, కార్డు అమ్ముడుపోయినా పోకపోయినా దానికి విడిగా రుసుం కట్టాలి. పైగా రిజర్వ్ అందలేదన్న మాట కనబడగానే చాలామంది పాటగాళ్లు పక్కకు తప్పుకుంటారు. అంతకన్నా ఏ ధరకు తక్కువైతే ఇవ్వకూడదనుకుంటున్నారో దాన్నే ప్రారంభ ధరగా పెట్టడం నయం.

గడువు 1, 3, 5, 7, 10 రోజుల్లో ఎంచుకోవచ్చు. ఏడు రోజులే మేలు, ఎందుకంటే ఒక వారాంతం తప్పకుండా కలిసొస్తుంది. ఈబేలో గడువు నిమిషానికి ముగిసిపోతుంది. చివర్లో పాట పడితే సమయం పెంచే పద్ధతి లేదు. దాంతో అసలు పోటీ ఆఖరి పది సెకన్లలో జరుగుతుంది. ఆదివారం రాత్రి తూర్పు తీరంలో 9, 10 గంటల మధ్య ముగిసేలా పెడితే పడమటి తీరంలో సాయంత్రం 6, 7 అవుతుంది, రెండు వైపుల వాళ్లూ మేలుకునే ఉంటారు. ఈబే గడియారం పసిఫిక్ టైములో నడుస్తుందన్నది గుర్తుంచుకోవాలి. సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) నడుస్తుండగా బేస్‌బాల్ కార్డు వేలం ముగిసేలా పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు. ఫుట్‌బాల్ కార్డులకు ఆగస్టు, సెప్టెంబరు, బేస్‌బాల్‌కు వసంతం. సీజన్ ముగిశాక ఆటగాడి కార్డు పడిపోవడమే ఎక్కువ.

ధర తెలుసుకోవాలంటే అడుగుతున్న ధరలు చూడొద్దు, సోల్డ్ ఐటమ్స్ ఫిల్టరు వేసి అమ్ముడైన ధరలు చూడండి. అందులోనూ ఒక మెలిక ఉంది. బెస్ట్ ఆఫర్ మీద అమ్ముడైన కార్డు పక్కన అడిగిన ధరే కొట్టివేసి కనబడుతుంది తప్ప నిజంగా ఎంతకు పోయిందో కనబడదు. దానికోసం 130 పాయింట్ సైటు వాడుకోవచ్చు. సెల్లర్ హబ్‌లోని టెరాపీక్ రీసెర్చ్ ఉచితమే, పాత అమ్మకాలు కూడా అందులో దొరుకుతాయి.

శీర్షిక, ఫొటోలు

శీర్షికకు 80 అక్షరాలే. సంవత్సరం, సెట్టు, ఆటగాడి పేరు, ప్యారలల్, కార్డు నంబరు, సీరియల్ నంబరుంటే అది, రూకీ అయితే ఆర్‌సీ. ఈ వరసలో వెళ్తే అక్షరాలు సరిపోతాయి. ‘అద్భుతం’, ‘అరుదు’ లాంటి మాటలు ఎవరూ వెతకరు. ఎక్కువ తప్పులు దొర్లేది ప్యారలల్ దగ్గర. మామూలు టాప్స్ కంపెనీ కార్డును క్రోమ్ (మెరిసే నునుపు పూత ఉన్న రకం) అని రాయడం, క్రోమ్ బేస్‌ను రిఫ్రాక్టర్ (వెలుతురులో ఇంద్రధనుస్సు రంగులు చిమ్మే రకం) అని రాయడం. రిఫ్రాక్టర్ అయితే దాదాపు ఎప్పుడూ వెనక వైపు, కార్డు నంబరు దగ్గర ఆ మాట అచ్చయి ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే పోయే గొడవ ఇది. శీర్షికలో తప్పు రాస్తే వివరణకు తగ్గట్టు లేదన్న ఫిర్యాదులో అమ్మేవారు గెలిచే దారే లేదు.

గ్రేడు లేని కార్డుకు ‘పీఎస్ఏ 10 రావచ్చు’ అని రాయడం ఈబే నిబంధనలకు విరుద్ధం. కండిషన్ పెట్టెలో నాలుగే ఉంటాయి: నియర్ మింట్ ఆర్ బెటర్, ఎక్సలెంట్, వెరీ గుడ్, పూర్. చేతి అలవాటుగా మొదటిది నొక్కేస్తారు చాలామంది. ఒక మూల తెల్లబడినా ఎక్సలెంట్‌కు దించడమే తెలివి. ధర రెండు డాలర్లు తగ్గుతుందేమో గానీ వాపసు తప్పుతుంది.

ఫొటోలు 24 దాకా ఉచితం. ముందు, వెనక, నాలుగు మూలలు చాలు. 50 డాలర్లు దాటిన కార్డును స్లీవ్ తీసి ఫొటో తీయాలి. ప్లాస్టిక్ మీది గీతను కార్డు మీది గీతగా అనుకుంటారు, ఒక్కోసారి కార్డు మీది గీతే ప్లాస్టిక్ కింద దాక్కుంటుంది. క్రోమ్ కార్డును వెలుతురులో వాలుగా పట్టుకుని ఒక ఫొటో తీస్తే ప్రింట్ లైన్లు (అచ్చులోనే పడ్డ సన్న చారలు), గీతలు బయటపడతాయి. వాటిని మనమే చూపిస్తే తర్వాత పేచీ ఉండదు. స్కానర్ వాడేవారికి ఒక మాట. సన్నగా, చవగ్గా దొరికే సీఐఎస్ స్కానర్లు గాజుకు ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తాయి. గ్రేడు చేసిన కార్డు, గ్రేడింగ్ సంస్థ సీలు వేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బా అయిన స్లాబ్‌లో గాజుకు కాస్త ఎత్తున ఉంటుంది కాబట్టి మసకగా వస్తుంది. స్లాబులు స్కాన్ చేయాలంటే సీసీడీ రకం కావాలి.

స్టాండర్డ్ ఎన్వలప్: దేనికి పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది

ఇది లేకముందు రెండు డాలర్ల కార్డుకు రెండే దారులు. స్టాంపు అంటించి ట్రాకింగ్ లేకుండా పంపడం, లేదా కార్డు కన్నా ఎక్కువ ఖర్చు పెట్టి పార్సిల్ చేయడం. మొదటిదాంట్లో ‘రాలేదు’ అని కొన్నవారు ఒక్క మాట అంటే డబ్బు వాపసు ఇవ్వాల్సిందే. 2021లో వచ్చిన స్టాండర్డ్ ఎన్వలప్ ఆ ఖాళీని నింపింది. ఒక ఔన్సు కవరు డాలరు లోపే వెళ్తుంది, ట్రాకింగ్ ఉంటుంది, పోతే కొంత పరిహారమూ ఉంటుంది. చిన్న కార్డులు అమ్మేవారి బతుకును ఇంతగా మార్చిన సదుపాయం ఈబేలో మరొకటి లేదనే చెప్పాలి.

హద్దులు ఇవి. అమెరికా లోపలి చిరునామాలకు మాత్రమే. ఒక్కో కార్డు 20 డాలర్లు మించకూడదు, ఒకే కొనుగోలుదారుకు కలిపి పంపే ఆర్డరు 50 డాలర్లు మించకూడదు. బరువు 3 ఔన్సుల దాకా. మందం పావు అంగుళం. లేబుల్ ఈబేలోనే కొనాలి. బరువు విషయంలో అంచనాలు పనికిరావు. ఔన్సులో పదో వంతు చూపించే చిన్న తూకం మిషను కొనుక్కోవడం తప్పనిసరి. ఒక ఔన్సు అంటే 28.35 గ్రాములు. స్లీవ్, టాప్‌లోడర్‌తో ఒక కార్డు, పల్చటి అట్ట, చిన్న కవరు కలిపితే ఔన్సు గీత దగ్గరకు వస్తాయి. మందపాటి అట్ట వేస్తే దాటేస్తాయి. అప్పుడు రెండు ఔన్సుల లేబుల్ కొనడమే. కొద్ది సెంట్లకు కక్కుర్తి పడి తక్కువ బరువు చూపితే కొన్నవారి దగ్గర బాకీ తపాలా వసూలు చేసే ప్రమాదం ఉంది. ఇక ఫీడ్‌బ్యాక్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అసలు తెలుసుకోవాల్సింది ట్రాకింగ్ సంగతి. పార్సిల్‌ను పోస్ట్‌మన్ చేతి స్కానర్‌తో స్కాన్ చేస్తాడు. ఈ కవరును అలా ఎవరూ స్కాన్ చేయరు. లేబుల్ మీద ఇంటెలిజెంట్ మెయిల్ బార్‌కోడ్ ఉంటుంది. ఉత్తరాలు వేరుచేసే యంత్రం దాన్ని చదివినప్పుడే ట్రాకింగ్‌లో కొత్త వరస చేరుతుంది. అంటే కౌంటర్ దగ్గర నిలబడి ‘స్కాన్ చేయండి’ అని అడిగినా లాభం లేదు, పోస్టు డబ్బాలో వేయడమే. యంత్రం కవరును పక్కకు నెట్టేసి, అది చేతి వర్గీకరణలోకి పోతే, కార్డు క్షేమంగా చేరినా ట్రాకింగ్ సగంలో ఆగిపోతుంది. ‘రాలేదు’ అన్న ఫిర్యాదు వచ్చిందంటే ఆగిపోయిన ట్రాకింగ్ మిమ్మల్ని కాపాడదు. కొన్నవారికి డబ్బు వెనక్కి వెళ్తుంది, మీరు పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవాలి.

యంత్రం ఎందుకు నెట్టేస్తుంది? కవరు వంగకపోతే. 40 పౌండ్ల బిగువున్న బెల్టుల మధ్య, 11 అంగుళాల వ్యాసమున్న మలుపు చుట్టూ తేలిగ్గా వంగగలిగితేనే ఉత్తరం యంత్రానికి పనికొస్తుందని అమెరికా తపాలా శాఖ నిబంధన. టాప్‌లోడర్ గట్టి ప్లాస్టిక్. చిన్న ముక్క కాబట్టి ఒక్కటైతే గడిచిపోతుంది. కార్డు చుట్టూ కవరు నిండా బిరుసు అట్ట పెట్టినా, రెండు టాప్‌లోడర్లు ఒకదానిపై ఒకటి పేర్చినా యంత్రం దగ్గర ఆగుతుంది, లేదా కవరు చిరుగుతుంది. రక్షణ కోసమని వేసిన అట్టే కొంప ముంచుతుందన్నమాట. ఇంకో లోపం, కవరులో టాప్‌లోడర్ అటూ ఇటూ జారడం. బెల్టు వేగానికి అది ఒక చివరకు కొట్టుకుని మూలతో కవరును చీల్చుకుని బయటపడుతుంది. ఖాళీ కవరు మాత్రం కొన్నవారింటికి చేరుతుంది.

దీనికి విరుగుడు సులువే. మామూలు ప్రింటర్ కాగితాన్నో, ఇండెక్స్ కార్డునో కవరు వెడల్పుకు సరిపడా మడిచి, టాప్‌లోడర్‌ను దాని మధ్యలో అడ్డంగా పెట్టి, పెయింటర్స్ టేపుతో (జిగురు మిగల్చకుండా ఊడొచ్చే కాగితపు టేపు) అతికించి కవరులోకి తోయాలి. కాగితం కవరంతా పరుచుకుంటుంది కాబట్టి టాప్‌లోడర్ కదలదు, మందమూ ఒక్కచోట ఉబ్బదు. ఒకేసారి మూడు నాలుగు కార్డులు పంపాల్సి వస్తే టాప్‌లోడర్లు పేర్చకుండా పక్కపక్కన పెట్టాలి. పల్చటి కార్డులైతే రెండింటిని విడివిడి స్లీవుల్లో వేసి ఒకే టాప్‌లోడర్‌లో పెట్టడం కూడా మామూలే, రెండూ బిగుసుకోకుండా దూరితేనే సుమా. బార్‌కోడ్ మీద మెరిసే టేపు పడకూడదు, లేబుల్ ముడత పడకూడదు.

టాప్‌లోడర్ బదులు కార్డ్ సేవర్ లాంటి సెమీ రిజిడ్ వాడితే యంత్రంలో ఇంకా సాఫీగా వెళ్తుంది, ఎందుకంటే అది కొద్దిగా వంగుతుంది. కానీ దానితోపాటు కార్డూ వంగుతుంది. మామూలు పల్చటి కార్డు ఆ వంపును తట్టుకుంటుంది, రేకులా బిరుసుగా ఉండే క్రోమ్ కార్డుకు మాత్రం టాప్‌లోడరే వాడాలి. ఆటగాడి జెర్సీ ముక్క అతికించిన మందపాటి కార్డులను ఈ కవరులో అసలు పంపొద్దు. స్లాబుల మాట చెప్పనే అక్కర్లేదు.

20 డాలర్ల హద్దు దగ్గరే తప్పటడుగులు పడతాయి. 99 సెంట్లకు మొదలైన వేలానికి స్టాండర్డ్ ఎన్వలప్ ఒక్కటే షిప్పింగుగా పెట్టారనుకోండి, పాట 34 డాలర్లకు పోయిందనుకోండి. కొన్నవారు కట్టింది కవరు ఖర్చే, పార్సిల్ ఖర్చు మీ నెత్తిన. 15 డాలర్ల పైన పోయే అవకాశమున్న వేలానికి మొదటి నుంచీ పార్సిల్ షిప్పింగే పెట్టాలి.

కార్డును కట్టే పద్ధతి

మామూలు కార్డు కొలత రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. 1957 నుంచి టాప్స్ ఇదే కొలత. మందాన్ని పాయింట్లలో చెబుతారు, ఒక పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు. మామూలు కార్డుకు 35 పాయింట్ల టాప్‌లోడర్. మందపాటి కార్డులకు 55, 75, 100, 130, 180 అలా దొరుకుతాయి. పల్చటి కార్డును 130లో వేస్తే లోపల గిలక్కాయలా ఆడుతూ మూలలు నలుగుతాయి. మందపు కార్డును 35లో కుక్కితే అంచుల రంగు రాలుతుంది. పెద్దదే మంచిదన్న లెక్క ఇక్కడ చెల్లదు.

ముందు పెన్నీ స్లీవ్. దాని నోటి దగ్గర ఒక మూలను కత్తెరతో కొద్దిగా ఏటవాలుగా కత్తిరిస్తే కార్డు మూల తట్టుకోకుండా దూరుతుంది. కార్డుల మూలలు తపాలాలో కన్నా స్లీవులోకి తోసేటప్పుడే ఎక్కువ పాడవుతాయని ఆ పని చేసేవారికి తెలుసు. స్లీవ్ లేకుండా నేరుగా టాప్‌లోడర్‌లో వేయడం ఎప్పుడూ వద్దు, గట్టి ప్లాస్టిక్ లోపలి దుమ్ము క్రోమ్ నునుపు మీద గీతలు పెడుతుంది. వాడిన టాప్‌లోడర్లు చవగ్గా దొరుకుతాయి గానీ మసకబారినవి, లోపల గీతలున్నవి చిన్న కార్డులకు కూడా పంపకపోవడం మంచిది. కొన్నవారు కార్డును మొదట చూసేది ఆ ప్లాస్టిక్‌లోంచే.

తర్వాత టాప్‌లోడర్ నోరు మూయాలి. ఇక్కడ పారదర్శక టేపు వాడితే కొన్నవారి తిట్లు ఖాయం. దాని జిగురు ప్లాస్టిక్ మీద మిగిలిపోతుంది, లాగేటప్పుడు ఆ ఊపుకు కార్డు ఎగిరి కింద పడుతుంది. నీలం పెయింటర్స్ టేపు ఒక్క పట్టీ వేసి, చివర పావు అంగుళం మడిచి పెడితే వేళ్లతో పట్టుకుని తేలిగ్గా లాగేస్తారు. ఇంతకన్నా మంచిది టీమ్ బ్యాగ్. టాప్‌లోడర్ సరిగ్గా పట్టే, సొంత జిగురు మూత ఉన్న సంచి అది. తడిని ఆపుతుంది, కార్డు బయటకు జారకుండా చూస్తుంది. ఒక్కోటి కొద్ది సెంట్లే.

పార్సిల్‌గా వెళ్లే కార్డుకు దీని మీద అట్టల సాండ్‌విచ్ వేయాలి. మూడున్నర అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవున్న గాడులున్న అట్టముక్కలు రెండు తీసుకుని, ఒకదాని గాడులు నిలువుగా, రెండోదాని గాడులు అడ్డంగా వచ్చేలా పెట్టండి. గాడులు ఒకే దిశలో ఉంటే ఆ గీత వెంట రెండూ కలిసే విరుగుతాయి. చుట్టూ పెయింటర్స్ టేపు వేసి, లోపల గాలి బుడగల పొర ఉన్న బబుల్ మెయిలర్‌లో పెడితే పని అయిపోయింది. 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవున్న మెయిలర్ చాలు గానీ, 4 బై 6 లేబుల్ దాని మీద అంచుల దాకా వచ్చేస్తుంది. బార్‌కోడ్ వంపు తిరిగితే స్కానర్ చదవదు. ఒక సైజు పెద్ద మెయిలర్, లేదా చిన్న లేబుల్ వాడితే ఈ తలనొప్పి ఉండదు.

స్లాబుల విషయంలో భయపడాల్సింది వంగుతుందని కాదు, పగులుతుందని. స్లాబ్ మూల మీద దెబ్బ పడితే ప్లాస్టిక్ చిట్లుతుంది. కార్డుకు ఏమీ కాకపోయినా కొన్నవారు వాపసు అడుగుతారు, ఆ హక్కు వారికి ఉంది. స్లాబ్‌కు సరిపోయే సంచి, దాని మీద రెండు చుట్లు బబుల్ ర్యాప్, రెండు వైపులా అట్ట, ఆపైన పెట్టె. రెండు స్లాబులుంటే మధ్యలో అట్ట తప్పనిసరి, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ను కొట్టుకుంటే ఒక్క ప్రయాణం చాలు పగలడానికి. కట్టాక చెవి దగ్గర పెట్టి ఊపండి. ఏ చప్పుడూ రాకూడదు.

ఏ సర్వీసు

20 నుంచి కొన్ని వందల డాలర్ల దాకా తపాలా శాఖ వారి గ్రౌండ్ అడ్వాంటేజ్ సరిపోతుంది. 2023 జూలైలో పాత ఫస్ట్ క్లాస్ ప్యాకేజీ స్థానంలో వచ్చింది ఇది. 100 డాలర్ల బీమా అందులోనే ఉంటుంది, ఆపై విలువకు విడిగా కొనాలి. దీనికి కౌంటర్ దగ్గర ఇచ్చి రసీదు తీసుకోవడం మంచిది. మొదటి స్కాన్ పడకుండా ప్యాకెట్ పోతే, మీరు పంపనే లేదన్న అనుమానమే మిగులుతుంది. స్లాబులు నాలుగైదు కలిపి పంపాలంటే ప్రయారిటీ మెయిల్ చిన్న ఫ్లాట్ రేట్ పెట్టె ఉంది. పెట్టె ఉచితం, ప్రయారిటీకి తప్ప మరోదానికి వాడకూడదు.

ఆర్డరు మొత్తం 750 డాలర్లు చేరితే సంతకంతో డెలివరీ తీసుకోకుండా ఈబే రక్షణ వర్తించదు. పన్ను, షిప్పింగ్ కలిపిన మొత్తం అది. 700 డాలర్ల కార్డు కూడా సులువుగా ఆ గీత దాటుతుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. వేలల్లో ఉండే కార్డులకు రిజిస్టర్డ్ మెయిల్. 50,000 డాలర్ల దాకా బీమా, చేతులు మారిన ప్రతిచోటా సంతకం. నెమ్మదిగా వెళ్తుంది. దాని అతుకుల మీద ప్లాస్టిక్ టేపు వేస్తే కౌంటర్‌లో తీసుకోరు, కాగితం టేపే వేయాలి.

విదేశీ కొనుగోలుదారు గెలిస్తే ఈబే ఇంటర్నేషనల్ షిప్పింగ్ వాడండి. కార్డు అమెరికాలోని వారి కేంద్రానికి చేరేదాకానే మీ బాధ్యత, ఆ తర్వాత కస్టమ్స్, పోగొట్టుకోవడం వారి లెక్క.

రక్షణ, పేచీలు

‘వాపసులు తీసుకోం’ అని పెట్టినా వివరణకు తగ్గట్టు లేదన్న ఫిర్యాదుకు అది అడ్డం రాదు. కొన్నవారికి 30 రోజుల గడువుంది. మీరు మూడు పని దినాల్లో స్పందించాలి, లేకపోతే ఈబేనే తేల్చేస్తుంది, ఎక్కువగా కొన్నవారి వైపే. ఒక కార్డు పంపితే అదే రకం నలిగిన కార్డు తిరిగొచ్చే మోసం ఈ రంగంలో పాతదే. దానికి విరుగుడు ఫొటోలే. మూలల దగ్గరి ఫొటోలు, సీరియల్ నంబరు, స్లాబ్ సర్టిఫికెట్ నంబరు, క్రోమ్ మీది ప్రింట్ లైన్ ఎక్కడుందో చూపే ఫొటో ఉంటే రెండు కార్డులూ వేరని నిరూపించవచ్చు. అంచుల దగ్గర బొమ్మ ఎంత జరిగి ఉందో కూడా ఒక గుర్తే, ఒకే బొమ్మ రెండు కార్డుల మీద ఒక్కలా కోత పడదు. చిరునామా మార్చమని మెసేజ్ పెట్టినవారికి ఎట్టి పరిస్థితుల్లోనూ కొత్త చిరునామాకు పంపొద్దు. ఆర్డరులో ఉన్నదానికి పంపితేనే రక్షణ. మార్చాల్సిందేనంటే ఆర్డరు రద్దు చేసుకుని మళ్లీ కొనమనాలి.

250 డాలర్లు దాటిన కార్డులు అథెంటిసిటీ గ్యారంటీ కిందకు వెళ్తాయి. కార్డును కొన్నవారికి కాకుండా తనిఖీ కేంద్రానికి పంపుతారు, అసలుదో కాదో, వివరణకు సరిపోతుందో చూసి అక్కడి నుంచి ముందుకు పంపుతారు. కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. అయినా అమ్మేవారికి ఇది వరమే, ఎందుకంటే కార్డు మార్చి పంపే మోసానికి ఇక్కడ దారి మూసుకుపోతుంది. చిక్కల్లా గ్రేడు లేని కార్డుల దగ్గర. నియర్ మింట్ అని రాసినదానికి తనిఖీలో మూల దెబ్బ కనబడితే విషయం కొన్నవారికి చేరుతుంది, వారు వద్దంటే కార్డు మీ దగ్గరికి తిరిగొస్తుంది.

పాట గెలిచి డబ్బు కట్టని వారి బెడద వేలంలో ఎప్పుడూ ఉంటుంది. నాలుగు రోజులు చూసి ఆర్డరు రద్దు చేయవచ్చు. కట్టనివారిని అడ్డుకునే సెట్టింగులు ఆన్ చేసి పెట్టుకోవాలి. రెండో స్థానంలో ఉన్నవారికి సెకండ్ ఛాన్స్ ఆఫర్ పంపే వీలుంది గానీ, ఆ ధరను పైకి తోసినది ఎగ్గొట్టినవాడే అయితే రెండోవారు దానికి ఒప్పుకోరు. అలాంటప్పుడు మళ్లీ వేలానికి పెట్టడమే మేలు. కొత్త ఖాతాలకు డబ్బు వెంటనే చేతికి రాదు, డెలివరీ అయ్యేదాకా నిలిపి ఉంచుతారు. మొదటి నెలలో పెద్ద కార్డులు పెట్టకపోవడానికి ఇదొక్క కారణం చాలు.

ఈబే వద్దనుకుంటే

అయిదారు అంకెల కార్డులకు గోల్డిన్, హెరిటేజ్ లాంటి వేలం సంస్థలు నయం. 1952 టాప్స్ మికీ మాంటిల్ 2022లో 1.26 కోట్ల డాలర్లకు పోయింది హెరిటేజ్‌లోనే. అక్కడ కొనేవారి దగ్గర విడిగా ప్రీమియం తీసుకుంటారు, పాటగాళ్లు దాన్ని మనసులో లెక్కేసుకునే పాడతారని మరవకూడదు. గోల్డిన్‌ను 2024లో ఈబేనే కొనుక్కుంది. ఫనాటిక్స్ కలెక్ట్‌లో వారపు వేలాలు నడుస్తాయి, గ్రేడు చేసిన మధ్యతరగతి కార్డులకు చూడదగ్గ చోటు.

అటు చివర, పెట్టెల కొద్దీ రెండు మూడు డాలర్ల కార్డులున్నవారు వాషింగ్టన్ రాష్ట్రంలోని సీఓఎంసీ లాంటి కన్‌సైన్‌మెంట్ సంస్థకు మొత్తం కట్ట పంపేయొచ్చు. స్కాన్ చేయడం, భద్రపరచడం, కొన్నవారికి పంపడం అంతా వాళ్లే చూసుకుంటారు. ఒక్కో కార్డుకు ప్రాసెసింగ్ రుసుం ముందే కట్టాలి కాబట్టి పంపే ముందు కట్టను ఒకసారి జల్లెడ పట్టి, ఆ రుసుం కూడా రాబట్టలేని బేస్ కార్డులను తీసేయండి.